బత్తలపల్లి దగ్గర పంచర్: మూడో తాడు వేయించాలా, టైరే మార్చాలా?

అనంతపురం లెక్కల టీచర్ · శుక్రవారం, రాత్రి 9:50

అందరికీ నమస్తే. ప్రశ్న చిన్నదే, కానీ జరిగింది మొత్తం చెప్తే తప్ప మీరు సరిగ్గా చెప్పలేరని కొంచెం పెద్దగా రాస్తున్నాను.

నాది 2022లో కొన్న డిజైర్, పెట్రోల్ బండి. 41,000 కిలోమీటర్లు తిరిగింది. స్టెప్నీతో కలిపి అయిదు టైర్లూ కారుతో పాటు వచ్చినవే, సైజు 165/80 ఆర్14. నేను ముదిగుబ్బ దగ్గర హైస్కూల్లో పనిచేస్తాను. అనంతపురం నుంచి ముగ్గురు టీచర్లం కలిసి వెళ్తాం, వారానికి ఒకరి కారు. ఈ వారం నాది.

ఇప్పుడు ఒంటిపూట బడులు కదా, మిట్టమధ్యాహ్నం ఎండలో తిరిగి వస్తున్నాం. ముదిగుబ్బ దాటి కొంత దూరం వచ్చాక కారు వెనక భాగం కొద్దిగా ఊగినట్టు అనిపించింది. ఆ రోడ్డు మీద గాలి ఎక్కువ, ఎదురుగా లారీ పోయినప్పుడల్లా అట్లనే ఉంటుంది, అదే అనుకున్నాను. వెనక కూర్చున్న మేడం "ఏందో టపటపమంటోంది చూడండి" అంది. రోడ్డు గరుకుగా ఉన్న చోట అట్లాంటి శబ్దం వస్తుందిలే అని ఇంకా కొంచెం పోయాను. బత్తలపల్లి రెండు కిలోమీటర్లు ఉందనగా శబ్దం బాగా పెరిగింది. ఆపి దిగి చూస్తే వెనక ఎడమ టైరులో గాలి అస్సలు లేదు, రిమ్ము కిందికి కూర్చుండిపోయింది. టైరు ముట్టుకుంటే చెయ్యి కాలింది, రబ్బరు కాలిన వాసన కూడా వచ్చింది. ఏప్రిల్ ఎండ, తారు రోడ్డు, అందువల్లే అనుకున్నాం.

వీల్ నట్లు మాకు ఊడలేదు. స్పానర్ మీద కాలు పెట్టి నిలబడినా కదల్లేదు. అటుగా పోతున్న ఒక లారీ డ్రైవరన్న ఆపి, దిగి, అయిదు నిమిషాల్లో స్టెప్నీ మార్చి, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆయన ఈ మాట చదవడు, అయినా రాయకుండా ఉండలేను.

ఊరికొచ్చాక మా ఇంటి దగ్గర పంచర్ షాపులో చూపించాను. ఎద్దుల కాలికి కొట్టే లాడం మేకు దిగి ఉంది. సన్నదే, మూడు మిల్లీమీటర్ల మందం ఉండొచ్చు. స్కేలు పెట్టి కొలిచాను: ట్రెడ్ (టైరు నేలకు ఆనే భాగం) బయటి అంచు నుంచి సరిగ్గా 2 సెంటీమీటర్లు లోపలికి ఉంది. పక్క గోడలో కాదు, అట్లని నడిమధ్యలోనూ కాదు. ఇదే టైరుకు పోయిన సంవత్సరం రెండు తాడు పంచర్లు (బయట నుంచే బొక్కలోకి జిగురు తాడు దూర్చి మూసేవి) పడ్డాయి, అవి రెండూ నడుమనే. పంచర్ అతను "ఇంకో తాడు వేస్తే అయిపోతుంది మేడం, 150 ఇవ్వండి" అన్నాడు. ఎందుకో మనసొప్పలేదు, రేపు వస్తానని చెప్పి టైరు అక్కడే పెట్టి వచ్చాను.

తర్వాత ఒక పెద్ద టైర్ల షోరూమ్‌కు వెళ్లి అడిగాను. అక్కడి అబ్బాయి ఆ టైరును చూడనే లేదు. "మూడు పంచర్లా? తీసేయండి. ఒక్కటి మార్చకూడదు, నాలుగూ మార్చాలి" అని కాగితం మీద 19,000 రాసిచ్చాడు. ఒక్కో టైరు 4,400, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి.

150కీ 19,000కీ మధ్య ఇంత దూరం ఉంటే ఎవరిని నమ్మాలి? ఈ నెల ఖర్చులు ముందే ఎక్కువ. కానీ కారులో నేనొక్కదాన్నే ఉండను, ఇంకో ఇద్దరి ప్రాణాలూ నా చేతిలో ఉంటాయి. రేపు రెండో శనివారం, సెలవు. రేపే తేల్చుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

కర్నూలు క్యాబ్ · శుక్రవారం, రాత్రి 10:35

మేడం, ఏం భయం లేదు. నాది కూడా డిజైరే, కర్నూలు–హైదరాబాద్ వారానికి నాలుగైదు సార్లు కొడతాను. నా బండికి ఒక టైరులో ఏడు తాళ్లు ఉన్నాయి. ఏడూ నిలబడినాయి. షోరూమ్‌వాళ్లకు టైర్లు అమ్మడమే పని, వాళ్లు మార్చమనే అంటారు.

తాడు వేయించినాక సబ్బు నీళ్లు పోసి చూడండి, బుడగ రాకపోతే చాలు. రెండు రోజులు వరసగా పొద్దున్నే, బండి తీయకముందే గాలి చూపించండి. ఒక్క పాయింటు కూడా దిగకపోతే ఇంక దాని గురించి మర్చిపోండి. 2 సెంటీమీటర్లు లోపలుంది అంటున్నారు కదా, అది ట్రెడ్డే. పక్క గోడలో అయితే నేను కూడా వద్దనే చెప్పేవాణ్ని.

పాత డిపో, టైర్ సెక్షన్ · శనివారం, ఉదయం 6:15

అమ్మా, నేను ఆర్టీసీలో 31 సంవత్సరాలు చేసినా. అందులో 22 ఏళ్లు డిపో టైర్ సెక్షన్లోనే. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నా. పొద్దున లేచి మీరు రాసింది రెండు సార్లు చదివినా.

మీరు మేకు గురించి చానా వివరంగా రాసినారు. ఎంత మందం, అంచు నుంచి ఎంత దూరం, అంతా కొలిచినారు. వాసన గురించి మాత్రం ఒక్క ముక్క రాసి వదిలేసినారు. నాకు కావాల్సింది ఆ ముక్క. ఎండకు టైరు వేడెక్కుతుంది, నిజమే. కానీ ఎండకు రబ్బరు కాలిన వాసన రాదు. ఆ పొద్దు మిగతా మూడు టైర్లు ముట్టుకోని చూసి ఉంటే తెలిసేది, వాటికి వాసన ఉండదు. మీ టైరు గాలి లేకుండా నడిచింది. ఎంత దూరం నడిచిందో మీకు తెలీదు, నాకూ తెలీదు. కానీ టైరుకు తెలుసు, అది లోపల రాసి పెట్టుకుంటుంది.

టైరు కట్టుబాటు ఎట్లుంటుందో చెప్తా. నేలకు ఆనే ట్రెడ్ కింద ఉక్కు తీగల బెల్టులు ఉంటాయి. అందుకే అక్కడ మేకు దిగినా టైరు బలం పెద్దగా పోదు, బొక్క పూడిస్తే చాలు. పక్క గోడలో ఆ ఉక్కు ఉండదు. అక్కడ ఉండేది దారాల పొర, దాని మీద రబ్బరు. కారు టైరులో ఆ పొర ఒకటో రెండో, అంతే. బండి బరువు మోసేది ఆ గోడ కాదు, లోపలి గాలి. గోడ పని గాలిని పట్టి ఉంచడం, చక్రం తిరిగేకొద్దీ కింద కొంచెం వంగి మళ్లీ లేవడం. గాలి పోతే బరువంతా ఆ గోడ మీదే పడుతుంది. రిమ్ముకూ రోడ్డుకూ మధ్యలో నలిగి, మడత పడి, మళ్లీ లేచి, మళ్లీ మడత పడుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వంచిన చోట వేడెక్కి తెగుతుంది చూడండి, అట్లనే లోపలి దారాలు తెగుతాయి. బయట నుంచి చూస్తే టైరు కొత్త పెళ్లికూతురు మాదిరి ఉంటుంది.

కాబట్టి ఇప్పుడు మీరు చేయాల్సింది తాడు వేయడమూ కాదు, నాలుగు టైర్లు కొనడమూ కాదు. టైరు రిమ్ము మీద నుంచి ఊడదీయించండి. మీ కళ్ల ముందే ఊడదీయాల. లోపల టార్చి వేసి గోడ చుట్టూ చూడండి. మూడు గుర్తులు చెప్తా.

మొదటిది, నల్లటి పొడి. లోపలి పొర రాపిడికి అరిగి కాటుక మాదిరి పొడి రాలి ఉంటుంది, చిన్న చిన్న రబ్బరు ముక్కలు కూడా ఉండొచ్చు. అది కనపడితే ఇంక వేరే గుర్తు చూడాల్సిన పని లేదు, ఆ టైరు అయిపోయింది. రెండోది, గోడకు లోపల గానీ బయట గానీ చుట్టూ గీత గీసినట్టు వలయం పడి ఉంటుంది, రంగు మారి ఉంటుంది. మూడోది ముడతలు, మెత్తదనం. గోడను రెండు చేతులతో నొక్కితే ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉంటుంది. ఉత్త చేతితో లోపల తడమొద్దు, తీగ ముక్క ఏదన్నా లేచి ఉంటే చెయ్యి కోసుకుంటుంది. పాత గుడ్డ చుట్టుకోండి.

ఇవేవీ లేకుండా లోపల శుభ్రంగా ఉంటే అప్పుడు రిపేరు మాట. అప్పుడు కూడా తాడు వద్దు. లోపల నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించండి. దానికి కింద కాడ, పైన గొడుగు ఉంటాయి. కాడ బొక్కలో నిండుతుంది, గొడుగు లోపలి పొరకు అతుక్కుంటుంది. తాడు బొక్కను మాత్రమే మూస్తుంది, అది కూడా బొక్కను ఆకురాయి లాంటి పనిముట్టుతో పెద్దది చేసినాక. పక్కన చెమ్మ దిగితే ఉక్కు బెల్టు నిదానంగా తుప్పు పడుతుంది. 6 మిల్లీమీటర్ల దాకా బొక్క ట్రెడ్డు నడుమ ఉంటే బాగు చేయొచ్చు. మీది సన్నదే, దాని మందం ఇబ్బంది లేదు. చోటు మాత్రం నాకు నచ్చలేదు. 165 టైరుకు ట్రెడ్డు వెడల్పే తక్కువ, 2 సెంటీమీటర్లు అంటే భుజం (ట్రెడ్డు పక్క గోడలోకి తిరిగే అంచు) దగ్గరికి వచ్చినట్టే. ఆ భుజం కూడా వంగే చోటే.

కర్నూలు తమ్ముడూ, నీ ఏడు తాళ్లు నిలబడినాయంటే నేను నమ్ముతా. నువ్వు రోజంతా బండి మీద ఉండేవానివి, గాలి కొంచెం దిగినా నీకు స్టీరింగ్‌లో తెలిసిపోయి వెంటనే ఆపి ఉంటావు. నీ టైరు ఒక్కసారన్నా రిమ్ము మీద నడవలేదు. ఆ అమ్మ టైరు నడిచింది. తాళ్ల లెక్క ఒకటే అయినా రెండు టైర్లూ ఒకటి కాదు. సబ్బు నీళ్లకు గాలి లీకు తెలుస్తుంది గానీ తెగిన దారం తెలీదు.

ఇంతగా ఎందుకు చెప్తున్నా అంటే, ఇట్లాంటి టైరునే మా తమ్ముని కారుకు మల్లా ఎక్కించినారు. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నా, ఫోన్లో అడిగితే "పంచరేలే, వేయించుకో" అన్నా. గాలి లేకుండా ఎంత దూరం నడిపినావని అడగలేదు. టైర్ సెక్షన్లో పనిచేసేవాణ్ని, అడగాల్సింది నేనే. పది పన్నెండు రోజులు గాలి నిలబడింది. తర్వాత పామిడి దాటినాక హైవే మీద గోడ పగిలింది. నాలుగు లైన్ల రోడ్డు కాబట్టి, ఎదురుగా బండి లేదు కాబట్టి మనిషి మిగిలినాడు. ఆ టైరు తెచ్చి చూస్తే మేకు పడిన చోట తాడు చెక్కుచెదరలేదు. పగిలింది దానికి జానెడు దూరంలో, పక్క గోడ. అప్పటి నుంచి పంచర్ అని ఎవరు ఫోన్ చేసినా నా మొదటి ప్రశ్న ఒకటే: ఎంత దూరం నడిపినావు?

ఈ పొద్దే ఊడదీయించండి. ఏం కనపడిందో రాయండి.

అనంతపురం లెక్కల టీచర్ · శనివారం, మధ్యాహ్నం 1:20

సార్, మీకు ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలీదు. షాపు నుంచి ఇప్పుడే వచ్చాను.

పంచర్ అతను మొదట ఒప్పుకోలేదు. "తాడుకు ఊడదీసే పని లేదు మేడం, బయట నుంచే వేస్తాం" అన్నాడు. మీరు రాసింది ఫోన్‌లో చూపించాను. చదివి ఏమీ మాట్లాడకుండా టైరు తీసుకుపోయి మిషన్ మీద పెట్టాడు.

టైరు అంచు రిమ్ము నుంచి వదలగానే లోపల నుంచి నల్లటి పొడి కింద పడింది. పిడికెడు ఉంటుంది. అతనే చేత్తో తీసుకుని చూశాడు. టార్చి వేస్తే గోడ చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ఒక పట్టీ, మిగతా చోట నున్నగా మెరుస్తుంటే అక్కడ మాత్రం గరుకుగా, బూడిద రంగులో ఉంది. ఒకచోట లోపలి పొర లేచిపోయి దారాలు కనపడుతున్నాయి. బయట నుంచి చూస్తే, మీరన్నట్టే, ఏమీ లేదు. నిన్న నేను గంటసేపు స్కేలు పట్టుకుని దాని చుట్టూ తిరిగాను, ఒక్క గీత కూడా కనపడలేదు.

అతను వెంటనే అన్నాడు: "దీనికి నేను తాడు వేయను మేడం. నిన్న వేసేసి ఉంటే పాపం నాకు చుట్టుకునేది." టైరు ఊడదీసినందుకు డబ్బులిస్తే తీసుకోలేదు. నిన్న మనసులో అతన్ని ఒక మాట అనుకున్నాను, అది తప్పు.

ఇంటికొచ్చి లెక్క వేశాను, అలవాటు పోదు కదా. టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, అందులో 80 శాతం అంటే గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 264. రిమ్ము 14 అంగుళాలు, అంటే దాదాపు 356. మొత్తం వ్యాసం 620 మిల్లీమీటర్లు. చుట్టుకొలత 1.95 మీటర్లు. కిలోమీటరుకు 513 చుట్లు. ఊగినట్టు అనిపించిన చోటు నుంచి ఆపిన చోటు దాకా నేను తక్కువలో తక్కువ 4 కిలోమీటర్లు వచ్చి ఉంటాను. గోడలో ప్రతి చోటూ రెండు వేలసార్లకు పైగా మడత పడి లేచింది. వెనక మేడం టపటప అన్నప్పుడే ఆపి ఉంటే ఇందులో సగం కూడా ఉండేది కాదు. సోమవారం ఆమెకు ఈ లెక్క చూపించి క్షమాపణ చెప్తాను.

సరే, ఈ టైరు పోయింది, అందులో ఇంక సందేహం లేదు. ఇప్పుడు రెండో ప్రశ్న. ఒక్కటి కొనాలా, రెండా, నాలుగా? పంచర్ అతని దగ్గర లోతు కొలిచే గేజ్ ఉంటే మిగతావి కూడా కొలిపించాను. ముందు రెండూ 3.5 మిల్లీమీటర్లు. వెనక కుడిది 4.5. ఇప్పుడు వెనక ఎడమ వైపు ఎక్కించిన స్టెప్నీ నాలుగేళ్లుగా డిక్కీలోనే ఉంది, నిన్నటి దాకా నేల తాకలేదు, దానికి 7 ఉంది. అన్నిటి మీదా తారీఖు కోడ్ 1022, అంటే 2022లో 10వ వారం.

కడప అలైన్‌మెంట్ · శనివారం, సాయంత్రం 4:05

అక్కా, నేను కడపలో వీల్ అలైన్‌మెంట్ పని చేస్తాను. మీరు చివర్లో మామూలుగా రాసిన లైన్లోనే మీ జవాబు ఉంది. మీ స్టెప్నీ కొత్త టైరు. దానికి జోడు ఒక్కటి కొంటే చాలు.

నాలుగూ మార్చాల్సిన పని లేదు. ట్రెడ్ గాడుల్లో అడుగున చిన్న దిమ్మలు ఉంటాయి చూడండి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. ట్రెడ్ అరిగి ఆ దిమ్మతో సమానమైతే టైరు చట్టప్రకారం కూడా పనికిరాదు. మీ ముందువి 3.5, ఇంకా టైముంది. నేనైతే 3కు దిగినప్పుడు మార్చమంటాను. వాన నీళ్లను తోసేయడానికి గాడిలో లోతుండాలి, 1.6 దాకా ఆగడం మంచిది కాదు.

కానీ ఒక్కటే కొత్తది కొని 4.5 పక్కన వేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఒకే ఇరుసు మీద ఒక పక్క లోతు ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు రెండు పక్కలా పట్టు ఒకేలా ఉండదు. అందుకని ఇట్లా చేయండి: స్టెప్నీ ఏ కంపెనీదో, ఏ డిజైనో చూసి అదే కంపెనీ, అదే డిజైన్, అదే సైజు ఒక్కటి కొనండి. బరువు నంబరు కూడా చూడండి. 85 అని ఉంటే ఆ టైరు 515 కిలోలు మోస్తుంది, దానికి తక్కువ నంబరు తీసుకోవద్దు. ఆ కొత్తదీ స్టెప్నీ రెండూ వెనక ఇరుసుకు వేయండి. వెనక కుడి వైపున్న 4.5 టైరు డిక్కీలోకి పోతుంది, స్టెప్నీగా బంగారం లాంటిది. ముందువి కదిలించొద్దు. అవి అరిగినప్పుడు ఆ రెండూ కలిపి మార్చుకుందురు.

కొత్తవి ముందుకు కదా వేయాలి అని చానామంది అడుగుతారు. ముందు చక్రాలు జారితే కారు తిరగకుండా నేరుగా పోతుంది, మీరు కాలు తీస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, అప్పుడు మామూలు డ్రైవింగ్ చేసేవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఎక్కువ పట్టున్నవి వెనక ఉండాలి, కారు ముందు చక్రాలతో లాగేదైనా సరే.

కొనేటప్పుడు తారీఖు కోడ్ చూడకుండా బిల్లు కట్టొద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, బిల్లులో 18 ఉందో లేదో చూసుకోండి. టైరుతో పాటు గాలి పట్టే నాజిల్ కూడా కొత్తది వేయించండి. దానికి అయ్యేది కొద్దిపాటి డబ్బే, పాత రబ్బరు నాజిల్ పగుళ్లిచ్చి గాలి వదిలితే మళ్లీ ఇదే కథ.

పాత డిపో, టైర్ సెక్షన్ · శనివారం, రాత్రి 7:30

పొడి పిడికెడు రాలిందంటే ఇంక నాలుగైదు రోజులు కూడా నడిచేది కాదేమో. ఊడదీసి చూసినారు, మంచిది.

కడప నాయనా, నువ్వు చెప్పిన వెనక సంగతి చదివి కాసేపు ఆలోచించినా. మాకు డిపోలో ఎప్పుడూ కొత్త టైర్లు ముందరికే. రీట్రెడ్ చేసినవి, అంటే అరిగినాక మీద కొత్త రబ్బరు వేసినవి, వెనకకు. ఆ అలవాటుతోనే నేను ఈ అమ్మకు ముందరికి వేయించుకో అని చెప్పేవాణ్ని. కానీ బస్సుకు వెనక జోడు టైర్లు, ఒకటి పోయినా పక్కది మోస్తుంది. ముందర ఒంటి టైరు, అది పోతే స్టీరింగ్ పోయినట్టే. అందుకని ముందరికి మంచివి. కారుకు వెనక కూడా ఒంటి టైరే కదా, జోడు ఆసరా లేదు. నీ మాటే సరి. మన జిల్లాలో వాన ఏడ పడుతుంది అనుకుంటాం గానీ, ఆరు నెలల దుమ్మూ నూనే పట్టిన రోడ్డు మీద జూన్‌లో తొలి వాన పడినప్పుడు ఎంత జారుతుందో బస్సు డ్రైవర్లను అడగాల.

అమ్మా, ఇంకొక్క మాట. ఆ పాత టైరును షాపులో అట్లనే వదిలి రావద్దు. గోడ కోయించండి. బయట నుంచి బాగుంది కాబట్టి ఎవరో ఒకరు చేతులు మార్చి, పాత టైర్ల అంగట్లో వెయ్యి రూపాయలకు పెడతారు. ఎవరి బిడ్డో కొనుక్కుని పోతాడు. మేం స్క్రాప్‌కు పంపే టైరుకు గుర్తు వేయకుండా గేటు దాటనిచ్చేవాళ్లం కాదు.

కర్నూలు క్యాబ్ · శనివారం, రాత్రి 9:10

పెద్దాయనా, మీరు చెప్పింది నిజం. నేను గాలి దిగితే వెంటనే ఆపేస్తాను, ప్యాసింజర్ తిట్టినా ఆపుతాను. అదే నా టైర్లను కాపాడిందని ఎప్పుడూ అనుకోలేదు, తాళ్లు మంచివి అనుకున్నా. అయినా ఈ రోజు ఆ ఏడు తాళ్ల టైరు ఊడదీయించి చూసినా. పొడి లేదు. కానీ రెండు తాళ్లు పక్కపక్కనే పడినాయి, మధ్యలో వేలు కూడా పట్టదు, ఆ చోట లోపల రబ్బరు కొద్దిగా ఉబ్బింది. దాన్ని తీసేస్తున్నా.

టీచర్ మేడం, ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు. మామూలు పాలసీలో టైరు ఒక్కటే పాడైతే ఏమీ రాదు. యాక్సిడెంట్‌లో బండితో పాటు టైరు పోతేనే, అది కూడా కొత్త టైరు ధరలో సగం ఇస్తారు. దాని కోసం తిరిగి టైము పోగొట్టుకోవద్దు. హైవే మీద ఆగిపోతే 1033కు ఫోన్ చేయండి, ఎవరో ఒకరు వస్తారు. ఆడవాళ్లు ముగ్గురే వెళ్తారు కాబట్టి ఆ నంబరు ముగ్గురి ఫోన్లలోనూ పెట్టుకోండి.

అనంతపురం లెక్కల టీచర్ · గురువారం, సాయంత్రం 5:45

ఆదివారమే పని అయిపోయింది, రాయడం ఆలస్యమైంది.

కడప తమ్ముడు చెప్పినట్టే స్టెప్నీకి జోడు ఒక్కటి కొన్నాను. మొదట వెళ్లిన షాపులో అదే డిజైన్ ఉంది కానీ కోడ్ 0924, రెండేళ్ల కిందటిది. "గోడౌన్‌లో ఉన్నదే మేడం, ఏమీ కాదు" అన్నారు. నేను వద్దని వచ్చేశాను. టవర్ క్లాక్ అవతల ఇంకో షాపులో ఈ సంవత్సరం జనవరిలో తయారైనది దొరికింది. టైరు, నాజిల్, రెండు చక్రాల బ్యాలెన్సింగ్ కలిపి 4,850 అయింది. వెనక రెండూ కొత్తవి, 4.5 టైరు డిక్కీలో. వీల్ నట్లు ఎయిర్ గన్‌తో బిగించాక వదులు చేయించి, స్పానర్‌తో చేత్తో బిగించమన్నాను. తర్వాత నేనే ఒక్కో నట్టూ విప్పి చూశాను. ఇప్పుడు ఊడుతున్నాయి.

ఈ నాలుగు రోజులూ వేరే మేడం కారు వంతు. నా కారు ఇంటి ముందే ఉంది. పొద్దున్నే నాలుగింటికీ గాలి చూశాను, ఏదీ దిగలేదు. పంచర్ అతనే తన దగ్గరున్న పాత గేజ్ ఒకటి ఇచ్చాడు, డబ్బులు బలవంతంగా చేతిలో పెట్టాను.

పెద్దాయన గారూ, టైరు గోడ కోయించాను. అతను పెద్ద కత్తితో రెండు పక్కలా గోడలు కోసేస్తే ట్రెడ్ ఒక్కటే పెద్ద కడియం లాగా మిగిలింది. ఆ కడియం స్కూలుకు తీసుకెళ్లాను. ఎనిమిదో తరగతి పిల్లలు దారం చుట్టి కొలిచారు: 192 సెంటీమీటర్లు వచ్చింది. నేను ఇంట్లో వేసిన లెక్క 195. ఆ మూడు సెంటీమీటర్లు ఎటు పోయాయని అడిగితే, వెనక బెంచీలో కూర్చునే అబ్బాయి లేచి "అరిగిపోయింది మేడం, 41,000 కిలోమీటర్ల రోడ్డు మీద ఉంది" అన్నాడు. వాళ్ల నాయనకు ముదిగుబ్బలో పంచర్ షాపు ఉందట. కోసిన గోడ ముక్క కూడా చూపించాను. లోపల బూడిద రంగు పట్టీ చూసి "ఇది గాలి లేకుండా తోలినారు" అని, నేను చెప్పకముందే చెప్పాడు.